సముద్రం పక్కన ఫ్యాను

విదేశానికి వెళ్ళి నష్టపోయినవాళ్ళు వీధి వీధినా ఉన్నారు. విదేశానికి వెళ్దామని ప్లాన్ వేసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయి నష్టపోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి!

చూపించలేరు. ఎందుకంటే ప్లాన్‌లో విమానం ఆలస్యం కాదు. సూట్‌కేసు ఇంకో దేశానికి పోదు. కడుపు చెడదు. కాలికి ఇసుక అంటుకోదు. చెప్పులు కూడా అరగవు. ఇన్ని సుఖాలున్న ప్లాన్‌ను వదిలిపెట్టి, లైన్లలో నిలబడి చెమటలు కక్కుతూ నిజంగానే ప్రయాణం చేసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

పూర్వం ఈ భాగ్యం కలిగినవాళ్ళకే ఉండేది. ట్రావెల్ ఏజెంటు వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళిచ్చి, రంగుల పుస్తకం చేతిలో పెట్టేవాడు. ఇప్పుడో? ఫోనున్న ప్రతివాడూ ఏజెంటే. రేట్లు పోల్చే యాప్‌లు, తగ్గింపులు చెప్పే యాప్‌లు, ఆ తగ్గింపు నిజమో కాదో తేల్చే యాప్‌లు, వాటి మీద రివ్యూలు, ఆ రివ్యూల మీద తగాదాలు. ఒక జన్మకు సరిపడా యాత్ర అరచేతిలోనే ఉంది. మళ్ళీ విమానం ఎక్కడం దేనికి?

నమ్మకం కుదరకపోతే మా ఫ్యాన్ల మెకానిక్ సంగతి వినండి.

బజారు మలుపులో, మందుల షాపుకీ తాళాల బడ్డీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన కొట్టు. కింద రాగి తీగ చుట్టలు, వార్నీషు డబ్బా, రెక్కలు ఊడదీసిన ఫ్యాన్లు. పైన ఒక ఇనప గొట్టానికి వరసగా వేలాడుతూ, బాగైన ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయి. ఆయన పద్ధతి అది. బాగుచేసిన ఫ్యాను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన నెత్తిమీద తిరగాలి. కిక్కురుమనకుండా తిరిగితేనే దించి ఇస్తాడు. నా తలమీద తిరగనిది మీ తలమీద తిరగకూడదు అంటాడు. ఆ ఒక్క మాట కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వచ్చి, ఆలస్యానికి తిట్టుకుంటూ కూర్చుంటారు. అంత గాలిలో కూర్చుని తిట్టుకోవడం కూడా హాయిగానే ఉంటుంది లెండి.

ఆయన భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పగలంతా ఆయన గాలిలో ఉంటాడు, పగలంతా ఆవిడ ఆవిరిలో ఉంటుంది. కష్టసుఖాలన్నీ సమంగా పంచుకున్న ఆ దంపతులు వాతావరణం మాత్రం పంచుకోలేకపోయారు.

ఆ లాండ్రీ గోడకి సబ్బుపొడి కంపెనీవాళ్ళిచ్చిన క్యాలెండరు ఒకటి వేలాడుతోంది. అందులో ఒక నెల పేజీ మీద పరదేశపు నగరం బొమ్మ. తెల్లటి మేడలు, వాటి మధ్య ఎత్తయిన కొబ్బరిచెట్లు, వీధి చివరి మెట్లు నేరుగా సముద్రంలోకి దిగిపోతున్నట్టుంటాయి. నెల మారినా ఆవిడ ఆ కాగితం తిప్పనివ్వలేదు. ఏడాది మారినా దాన్ని దించనివ్వలేదు. లాండ్రీలో కాలం అక్కడే ఆగిపోయింది. జీతాల రోజు మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

ఆవిడ పెద్ద పెద్ద కోరికలేం కోరలేదు. ఆ మెట్లు దిగి, మోకాలిదాకా నీళ్ళలో ఒక్కసారి నిలబడాలి. అంతే. ఆ కోరికతోనే ఎప్పుడో పోరి పోరి ఇద్దరికీ ఒకే రోజున పాస్‌పోర్టులు తీయించింది. అవి బీరువాలో చీరల కింద పడి బంగారంలా భద్రంగా ఉన్నాయి. ఒకరోజు చీరలు సర్దుతూ తెరిచి చూస్తే గడువు ముంచుకొస్తోంది. గడువు మరీ దగ్గరపడితే ఆ దేశంవాళ్ళు గడప తొక్కనివ్వరని కూడా తెలిసింది.

"ఒక్క ముద్రైనా పడకుండానే పోతుందా ఇది?" అంది పాస్‌పోర్టు ఆయన ముందు పెట్టి.

ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపడమంటే మామూలు విషయం కాదు. వెళ్దాం, కానీ చవకలో, అన్నీ ముందు చూసుకుని వెళ్దాం అన్నాడు.

అక్కడ మొదలైంది అసలైన యాత్ర!

ప్లాన్ అన్నాక ఇంటికొక బావమరిది కావాలి. ఈయనకూ ఉన్నాడు. ఆవిడ తమ్ముడు. కొరియర్ ఆఫీసులో ఉద్యోగం, ఆఫర్లు చూడటం వ్యాపకం. సగం రేటుకి వచ్చిందని మంచు దేశాల కోటు కొని, మండుటెండల్లో మడత విప్పకుండా దాచుకున్న మనిషి. వాళ్ళ బంధువర్గంలో ఆఫర్ల బావమరిది అంటే తెలియనివాళ్ళుండరు. అతను రాగానే బావ ఫోనులో యాప్‌లన్నీ ఎక్కించేశాడు. మన దేశంలో సముద్రం చూసి రావడం కంటే ఆ దేశానికి వెళ్ళి సముద్రం చూసి రావడమే చవకని నిరూపించేశాడు. ఇది నిరూపించాక మన సముద్రం చూడటం అవమానం కిందికొచ్చింది. ఆ దేశానికి వెళ్ళడం ఇంకా తేలలేదు. అంటే ఒక్క సాయంత్రంలో రెండు సముద్రాలు మిగుల్చుకున్నారన్నమాట. ఇంత పొదుపు ప్రయాణం చేసేవాళ్ళకి సాధ్యమా?

తరవాత సముద్రం పేరుతో ఫోనులో గ్రూపు పెట్టారు. వెళ్ళేవాళ్ళు ఇద్దరు. సలహాదార్లు గ్రూపు నిండా. బస్టాండు దాటి ఎరగని చిన్నత్త సముద్రంలో లోపలికి లాగే ప్రవాహాల గురించి రోజూ హెచ్చరించేది. ఒకసారి విమానం ఎక్కిన తోడల్లుడు ఎవరి దిండు వాళ్ళే తెచ్చుకోవాలన్నాడు. పెదనాన్నగారు పొద్దున్నే పువ్వుల బొమ్మ పెట్టి, ఇంకా బయల్దేరలేదా అని అడిగేవారు. ఆయన అడిగేది ఎవర్ని, ఎక్కడికి అన్నది చివరిదాకా తేలలేదు.

టికెట్ల సంగతి ఇంకా గంభీరమైనది. మనం పదేపదే చూస్తున్నామని ఫోనుకి తెలిస్తే అది రేటు పెంచేస్తుందట. బావమరిది ఈ రహస్యం చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో సముద్రం మాటెత్తాలంటే ముందు ఫోనుమీద తువ్వాలు కప్పాలి. కప్పి, వంటింట్లోకి వెళ్ళి, గుసగుసగా మాట్లాడుకోవాలి. మాట పూర్తయ్యాక బయటికొచ్చి, ఫోనుకి వినబడేలా, "అబ్బే, మనకెందుకండీ ఈ ప్రయాణాలు" అని ఆవిడ గట్టిగా అనాలి. ఆవిడ ఎంత బాగా అనేదంటే, కొన్నాళ్ళకి ఫోను సంగతేమోగాని ఆయన మాత్రం నమ్మేశాడు.

ఏ నెలలో వెళ్ళాలి? ఇదీ చూశారు. వానల నెలల్లో చవక, కానీ వాన. ఎండల నెలల్లో వాన లేదు, చవకా లేదు. రెంటికీ మధ్య నెలల్లో జెల్లీచేపలు. ఇంకో నెలలో గాలి. ఇంకో నెలలో మిగతా దేశాల వాళ్ళంతా అక్కడే. పన్నెండు నెలలూ జల్లెడ పట్టగా ఒక్క నెలా మిగల్లేదు. దేవుడు పదమూడో నెల పెట్టి ఉంటే ఈ పాటికి వెళ్ళొచ్చేవాళ్ళే.

ఈలోగా మెకానిక్ ఆ నగరంలో కాపురం పెట్టేశాడు. పొద్దున్న లేవగానే అక్కడి వాతావరణం చూసేవాడు. ఒకరోజు నెత్తిమీద ఎండ చురచురలాడుతుంటే గొడుగు పట్టుకుని కొట్టుకి వచ్చాడు. ఎందుకయ్యా అంటే, అక్కడ వాన అన్నాడు. అదే నెలలో ఇంటి పైకప్పు కారి మంచం తడిస్తే మాత్రం ఆయనకి తెలియదు, ఎందుకంటే ఆ రోజు అక్కడ ఎండ. ఏ బస్సు ఎక్కితే మెట్ల వీధికి పోతుందో, ఎక్కడ దిగి ఎటు తిరగాలో, ఏ మూల కొబ్బరికాయ పడుతుందని బోర్డు పెట్టారో అన్నీ కంఠతా వచ్చేశాయి. తాళాల బడ్డీకి ఎటు పోవాలని ఎవరో అడిగితే, రెండో సిగ్నల్ దగ్గర లైట్‌హౌస్ వైపు తిరగమన్నాడట. బడ్డీ పక్కనే ఉంది.

చివరికి లాడ్జి దొరికింది. సముద్రానికి ఆనుకుని, మేడమీద గది, కిటికీ తీస్తే నీళ్ళు. రేటు చూసి బావమరిదే అంకెలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఇక బుక్ చెయ్యడమే తరువాయి. ఆవిడ లాండ్రీలో సెలవు కూడా అడిగి ఉంచింది.

మెకానిక్ రివ్యూలు తెరిచాడు.

గది శుభ్రం, మనుషులు మంచివాళ్ళు, సముద్రం అద్భుతం అని అందరూ రాశారు. ఎవరో ఒక పుణ్యాత్ముడు మాత్రం, ఫ్యాను టకటకమంటోంది అని రాసి, దాన్ని వీడియో కూడా తీసి పెట్టాడు.

అందరూ కిటికీ చూశారు. ఆయన ఫ్యాను చూశాడు.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో! చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కొట్లో ఫ్యాన్ల మోత పక్కన పెట్టి పోల్చుకుని విన్నాడు. కొక్కెం దగ్గర రబ్బరు అరిగిపోయింది, రెక్క ఒకటి వంగింది, బేరింగులో గ్రీజు ఎండిపోయింది అని తేల్చాడు. తేల్చి, బుకింగ్ ఆపేశాడు.

ఆవిడ ఏం చెప్పినా వినలేదు. "నేను అంత దూరం నిద్రపోడానికి వెళ్తున్నానా? ఫ్యాను టకటకమంటే అననివ్వండి" అంది.

"తలమీద తిరిగేదాన్ని నమ్మకుండా దానికింద ఎలా పడుకోమంటావు?"

"కింద పడుకోను. నీళ్ళలో నిలబడతాను."

"రాత్రికైనా గదికి రావాలి కదా" అన్నాడాయన. ఆయన పద్ధతి ఆయనది. ఇరుగుపొరుగు ఫ్యాన్ల మీద ఇన్నేళ్ళుగా చూపిస్తున్న నిష్ఠని సొంత భార్య తలమీద తిరగబోయే ఫ్యాను దగ్గర వదిలేస్తాడా? ప్రేమంటే ఇంకేమిటండీ!

ఆ లాడ్జి యజమానురాలికి బావమరిది చేత కబురు పెట్టించాడు. ఈయన చెప్పింది ఫోను ఆవిడ భాషలోకి మార్చేది, ఆవిడ చెప్పింది మన భాషలోకి మార్చేది. మొదట ఆవిడ వీళ్ళని ఫ్యాన్లు అమ్ముకునేవాళ్ళనుకుంది. తరవాత నిచ్చెన వేయించింది. ఈయన కొట్లో కూర్చుని, తన ముందున్న ఫ్యానుమీద చేసి చూపిస్తుంటే, అక్కడ ఎవరో చేతులు కదిపారు. రబ్బరు మారింది. రెక్క వంపు తీరింది. గ్రీజు పడింది. టకటక ఆగింది.

పద్ధతి ప్రకారం దాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పి చూపించమన్నాడు. ఆవిడ ఓపిగ్గా ఫోను దాని ఎదురుగా నిలబెట్టింది. ఆ రోజంతా మెకానిక్ కొట్లో కూర్చుని, పరదేశంలో తిరుగుతున్న ఫ్యానుని చూశాడు. దాని వెనక కిటికీలో సముద్రం కూడా కనిపించింది గాని, ఆయన ధ్యాస చెదరలేదు.

అంతా బాగుందని తేలాక పక్క గది ఫ్యాను చూపించమన్నాడు. అక్కడికే వెళ్ళాల్సి వస్తే? ఆ పక్కది. ఆపైన వరండాది. చివరికి వంటగదిలో పొగ బయటికి పంపే ఫ్యాను కూడా. ఆయన సెలవుల యాత్ర కాస్తా ఆ లాడ్జిని ఉద్ధరించే యాత్ర అయింది. ఆయన భార్య మాత్రం రోజూ లాండ్రీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, బకెట్లో కాసేపు అలాగే నిలబడేది.

త్వరలోనే రివ్యూలు మారాయి. ఇలాంటి నిశ్శబ్దమైన గదులు ఎక్కడా చూడలేదన్నారొకరు. ఫ్యాను గాలికి పసిపిల్లలా నిద్రపోయానన్నారింకొకరు. మెకానిక్ వాటిని కొట్టుకొచ్చినవాళ్ళకల్లా చదివి వినిపించాడు. మాట మితంగా వాడే మనిషి ముఖంలో అంత వెలుగు ఎవరూ ఎరగరు. రేటింగ్ చుక్కలు పెరిగాయి. చుక్కలు పెరిగితే జనం పెరుగుతారు. జనం పెరిగితే ఏమవుతుంది?

బావమరిది వచ్చి, ఫోనుమీద తువ్వాలు కప్పి, మెల్లిగా చెప్పాడు. "బావా, మన లాడ్జి ఇక మనకి అందదు. రేటు ఎక్కడికో పోయింది."

"పోనీలే. బాగుపడింది" అన్నాడు మెకానిక్. అన్నాక, ఇంకో చవక లాడ్జి చూడమన్నాడు.

చూశారు. దొరికింది. దాని ఫ్యాను ఊగుతోంది.

ఇక్కడ చదువరులు ఒక ప్రకృతి ధర్మాన్ని గమనించాలి. లాడ్జి చవగ్గా ఉంటే ఫ్యాను చెడి ఉంటుంది. ఫ్యాను బాగైతే లాడ్జి చవగ్గా ఉండదు. ఈ చక్రంలో తిరుగుతూ ఒక మనిషి జీవితాంతం ప్లాన్ వేసుకోవచ్చు. ఒక్క అడుగు కదపకుండా ఒక తీరప్రాంతాన్నంతా బాగుచెయ్యొచ్చు. ఇంతకంటే పరోపకారం ఉందా?

కానీ ఈ మహత్తు ఆడవాళ్ళకి అర్థం కాదు.

ఒకరోజు ఆయన రెండో లాడ్జికి నిచ్చెన వేయిస్తున్నప్పుడు ఆవిడ కొట్టుకొచ్చింది. ఫ్యాన్ల మోతలో వినబడాలని దగ్గరికొచ్చి నిలబడింది. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పెద్దావిడ ఒకామె ఉంది, అందరూ మడతక్క అంటారు. ఆమె, ఇంకో ఇద్దరు కలిసి ఆ క్యాలెండరు ఊరికి వెళ్తున్నారనీ, తననీ రమ్మన్నారనీ, తను సరే అన్నాననీ చెప్పింది.

ఆయన నిచ్చెనెక్కినవాణ్ణి అలాగే ఆగమన్నాడు. "ఏ లాడ్జి?"

"ఏదో ఒకటి. మడతక్క చూసింది."

"రివ్యూలు?"

"ఆమెకి కళ్ళజోడు లేందే కనబడదు. ఆ పూట తేలేదట."

"ఫ్యాను?"

"ఎవరూ అడగలేదు."

ఆయన ముఖం చూడాలి. కట్టుకున్న భార్య ముక్కూ మొహం తెలియని ఫ్యాను కిందికి వెళ్తానంటుంటే ఏ మగవాడికైనా ఎలా ఉంటుంది?

ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. "ఈ నెల దాటితే ఈ పాస్‌పోర్టు అక్కడ చెల్లదు. మీదీ అంతే. మీరూ వస్తే టికెట్ ఉందట. వస్తారా?"

ఆయన ఫోనులో నిచ్చెనమీద ఉన్నవాణ్ణి చూశాడు. తలమీద తిరుగుతున్న ఫ్యాన్లని చూశాడు. "ఒక్క రోజు ఆగు. చూసి చెప్తాను" అన్నాడు.

ఆవిడ ఆ మాటకి కోపగించుకోలేదు. అలాగేనని కూడా అనలేదు. కొట్టు మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయన మర్నాడు నిజంగానే చూసి చెప్పాడు. ఆ నగరంలో ఆ వారం గాలివాన సూచనలున్నాయని చెప్పాడు. అప్పటికి ఆవిడ టికెట్ వచ్చేసింది.

గ్రూపులో గగ్గోలు లేచింది. చిన్నత్త ప్రవాహాల గురించి మళ్ళీ చెప్పింది. తోడల్లుడు దిండు మరిచిపోవద్దన్నాడు. ఆవిడ దిండు తీసుకెళ్ళలేదు. ఫోను పెట్టెలో ఎక్కడో అడుగున పెట్టుకుని వెళ్ళింది. పెదనాన్నగారు పువ్వుల బొమ్మ పెట్టి, ఇంకా బయల్దేరలేదా అని అడిగారు.

ఆవిడ వెళ్ళాక మెకానిక్ కొట్లో పని సాగలేదంటే నమ్మండి. కాయిల్ చుడుతూ చుడుతూ చుట్ల లెక్క మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. కబురు లేదు. వాతావరణం చూశాడు, గాలివాన. లాడ్జి పేరన్నా చెప్పి వెళ్ళలేదు కాబట్టి ఫ్యాను సంగతి కనుక్కునే దారి లేదు. ఒక మెకానిక్‌కి ఇంతకంటే నరకం ఉంటుందా?

చివరికి ఒక పూట ఫోను మోగింది. ఆవిడే. క్షేమమా అని అడగాలని ఉన్నా ఆయనకి ఆ మాటలు అలవాటు లేవు. "గదిలో ఫ్యాను ఎలా తిరుగుతోంది?" అని అడిగాడు.

అటు నుంచి ఏదో చెప్పింది. మోతలో వినబడలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వినబడలేదు.

అప్పుడు ఆయన లేచి, గొట్టానికి వేలాడుతున్న ఫ్యాన్ల స్విచ్చులు ఒక్కొక్కటే ఆపాడు. ఒకటీ, ఇంకొకటీ, అన్నీ. ఆ కొట్టు తెరిచిన దగ్గర్నుంచీ పగటిపూట అలా ఆగిందిలేదు. రెక్కలు తిరిగి తిరిగి నిలబడ్డాయి.

"ఏమన్నావు?"

"ఫ్యాను ఇంకా వెయ్యలేదు అన్నాను. కిటికీ తీస్తే చాలు, దుప్పటి ఎగిరిపోతోంది."

సముద్రం పక్కన గాలి ఉంటుందన్న సంగతి అన్ని రివ్యూల్లోనూ ఎవరూ రాయలేదు. రాయాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచినట్టు లేదు.

ఆవిడ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఎటో పట్టుకుంది. మెట్ల దగ్గరుందో, మోకాలిదాకా దిగే ఉందో తెలియదు. నీళ్ళు ఒడ్డుకి వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వస్తున్న చప్పుడు ఆ కొట్లోకి వచ్చింది. ఇద్దరూ దాన్ని విన్నారు.

"వెచ్చగా ఉన్నాయండీ" అంది ఆవిడ కాసేపయ్యాక.

అదే సమయానికి ఫ్యాను కోసం వచ్చినాయన గుమ్మంలో నిలబడి, కరెంటు పోయిందా అని అడిగాడు. మెకానిక్ నోటిమీద వేలు పెట్టి, కూర్చోమని బల్ల చూపించాడు. వచ్చినాయన కూడా కూర్చుని, ఏమిటో తెలియకుండానే వినడం మొదలుపెట్టాడు.

అయ్యా, అమ్మా, ప్లాన్ మహత్తు గురించి ఇన్ని చెప్పినవాణ్ణి, ఆ తరవాత జరిగింది చెప్పడానికి మనసొప్పడం లేదు. ఆవిడ ఒక ముద్ర వేయించుకుని, నల్లబడి, చెప్పుల్లో ఇసుకతో తిరిగొచ్చింది. క్యాలెండరు పేజీ తనే తిప్పింది. ఆయన పాస్‌పోర్టు మాత్రం ముద్రా లేకుండా మరకా లేకుండా, తీయించినప్పుడు ఎలా ఉందో అలాగే, గడువు దాటిపోయింది. ప్లాన్ వేసుకునే మనిషి పాస్‌పోర్టు ఎలా ఉండాలో అచ్చం అలా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన కొట్టు తెరవకుండా, ఆ పాత పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని బయల్దేరాడు. కొత్తది తీయించడానికి. ఆఫర్ల బావమరిది ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఏ పాస్‌పోర్టు ఆఫీసులో లైను తక్కువో, ఏ రోజు ఏ కౌంటరు మంచిదో రివ్యూలున్నాయి బావా, ఒక్కసారి చూసుకుని వెళ్దువుగాని అన్నాడు.

మెకానిక్ భుజంమీది తువ్వాలు తీసి, ఆ ఫోనుమీద కప్పి, వెళ్ళిపోయాడు.

ఇలా ఒక్కొక్కరూ ఏమీ చూసుకోకుండా బయల్దేరిపోతే, ఇంట్లోవాళ్ళని బకెట్లో నిలబెట్టి, చవక టికెట్లు వెతుకుతూ కూర్చున్న నాలాంటివాళ్ళ ముఖం ఎవరు చూస్తారు?